ఫోటోలు దిగింది చాలు, ఇంక తోటను చూద్దాం

ఈ పోస్టు పొడుగుంటుంది. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. కోపమొస్తే తిట్టండి, పడతా. సగం చదివి మాత్రం తిట్టొద్దండి.

విషయం మొదటే చెప్తా. మనం రైతులం బస్సు కట్టుకొని గుంపుగా టూర్లు పోతాండాం. అరటి తోటలు, చీనీ తోటలు, పరిశోధన కేంద్రాలు, వచ్చేటప్పుడు దోవలో ఒక గుడో కోటో. మంచిదే, పోవాల్సిందే. కానీ పోయినచోట మనం చేసే పని ఒకటే, ఫోటో దిగడం. ఫోటో తీయడం వేరు, ఫోటో దిగడం వేరు. తీసేటోడు ఎదురుగా ఉండేదాన్ని చూస్తాడు. దిగేటోడు దానికి వీపు పెట్టి నిలబడతాడు. నలభై మందిమి అరటి తోటకు పోయి, నలభై మందిమీ తోటకు వీపు పెట్టి నిలబడి, నవ్వి, ఇంటికొచ్చినాం. నాకు ఆ నవ్వు ఖరీదు పదకొండు వేలు పడింది. ఎట్లనో చెప్తా.

పోయిన ఏడు సంగతి. ప్రొద్దుటూరులో తెల్లారుజామున 5 గంటలకు బస్సు అన్నారు. ఏర్పాటు చేసినోళ్ళ పేరెత్తను, వాళ్ళతో నాకు తగాదా లేదు. బస్సు కదిలేసరికి 7 దాటింది. ఎందుకంటే బస్సు ముందర బ్యానర్ కట్టి ఒక ఫోటో. జమ్మలమడుగులో ఎనిమిది మంది ఎక్కినారు. వాళ్ళు లేకుండా తీసింది చెల్లదని అక్కడ మళ్ళా దిగి ఇంకొకటి. ముద్దనూరులో టిఫిన్. ఎర్రకారం దోశ ప్లేటు చేతిలో పెట్టుకొని ఒకటి. పులివెందుల దాటి తోట చేరేసరికి పదకొండు.

ఆ తోట రైతు మా కంటే పెద్దాయన. ఆరెకరాల జీ-9 అరటి. ఏడు గంటలకే వస్తామని చెప్పినాం కాబట్టి ఆ పొద్దు పని మానుకొని, కుండలో మజ్జిగ చేయించి పెట్టి, గట్టు మీద కూర్చోని ఉన్నాడు. నాలుగు గంటలు. మనం ఒక ఇంట్లో పిల్లను చూసే దానికి పోతే ఇట్లా చేస్తామా?

దిగినాం. మజ్జిగ తాగినాం. "ముందు ఫోటో అయిపోనీండి సార్, తర్వాత ఫ్రీగా చూడొచ్చు" అన్నారు. బ్యానర్ విప్పినారు. గెలలు బాగా కనపడే చోటు కావాలని రెండు సాళ్ళు మారినారు. పొడుగోళ్ళు వెనక్కి, పొట్టోళ్ళు ముందుకు. ఒకాయన కళ్ళు మూసినాడని ఇంకోసారి. బ్యానర్ మీద అక్షరాలు మడత పడినాయని ఇంకోసారి. తర్వాత ఎవురికి వాళ్ళు గెలను కౌగిలించుకొని సెల్ఫీలు. నా చేతి గడియారం చూసుకున్నా, ముప్పావు గంట పోయింది. రెండో తోటకు టైమైందని అప్పుడే విజిల్ ఏస్తాండారు.

పెద్దాయన మాత్రం పాపం చెప్పుకుంటా పోతాండాడు. ఎన్ని పిలకలు ఉంచాల, ఎన్నో నెలలో ఏ ఎరువు, బోరు నీళ్ళలో ఉప్పుంటే ఏం చేయాల. వినేటోళ్ళం నలుగురం. నాకు కావలసింది ఒకటే. ఆ యేడే రెండెకరాల్లో కొత్తగా అరటి పెట్టి డ్రిప్పు ఏసుకోని ఉండా. ఎరువు నీళ్ళలో కలిపి పంపే ఏర్పాటు ఆయన షెడ్డులో ఎట్లా ఉందో చూడాల. చూసినా. ఒక ఫోటో తీసినా. తీసేటప్పుడు మా ఊరి మామ ఒకాయన "నన్ను గూడా రానీయ్ అల్లుడా" అని పైపుల ముందర వచ్చి నిలబడినాడు. పెద్దమనిషి, పక్కకు జరుగు మామా అనలేకపోయినా. నొక్కినా. బస్సు హారన్ కొట్టినాడు. పరిగెత్తినాం.

నేనేమన్నా గొప్పోన్నా? కాదు. ఆ పెద్ద గ్రూపు ఫోటోలో మూడో వరసలో ఎడమపక్క, పచ్చ తుండు భుజాన ఏసుకొని పండ్లన్నీ కనపడేటట్టు నవ్వేది నేనే. నన్ను కలుపుకొనే ఈ తిట్లన్నీ.

ఇంటికొచ్చినాక నాలుగు రోజులకు ఎరువు ట్యాంకు బిగించుకుందామని కూర్చున్నా. ఫోన్లో ఆ పొద్దువి నావి 27 ఫోటోలు, గ్రూపులో వచ్చినవి నాలుగు వందల పైన. ఒక్కొక్కటీ జరుపుకుంటా పోతే మనుషులు, మనుషులు, మనుషులు. షెడ్డు ఫోటో దొరికింది. మామ నిండుగా ఉన్నాడు. ఆయన భుజం వెనక నుంచి ఒక పైపు ముక్క, నల్లటి ట్యాంకు మూత. వేళ్ళతో లాగి పెద్దది చేస్తే అంతా మసక. నా భార్య పక్కన కూర్చోని చూసి "ఏందయ్యా, పొద్దంతా పోయి మీ మామ భుజం చూసొచ్చినావా?" అనింది. నవ్వినా గానీ లోపల కాలింది.

పెద్దాయనకు ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారు. నంబరు రాసుకోలా. ఫోటోల హడావుడిలో ఆ మనిషి నంబరు గూడా అడగలేదు. తర్వాత ఇంకొకరి దగ్గర సంపాదించినా, అప్పటికే ఆలస్యమైంది.

గుర్తున్నంత మటుకు బిగించినా. తప్పు బిగించినా. ఇప్పుడు అందరికీ పనికొస్తుందని చెప్తాండా, గుర్తు పెట్టుకోండి. బోరు నీళ్ళు మొదట ఇసుక ఫిల్టరులోకి పోవాల. దాని తర్వాత ఎరువు పీల్చే వెంచురీ ఉండాల. వెంచురీ తర్వాత స్క్రీన్ ఫిల్టరు. ఆ తర్వాతనే తోటలోకి. ఎందుకంటే ఎరువు ఎంత కలిపినా అడుగున కరగని పొడి, నలుసులు ఉంటాయి. అవి ఆ జల్లెడ కాడ ఆగాల. నేను వెంచురీని స్క్రీన్ ఫిల్టరు దాటినాక పెట్టినా. కరగని ఎరువంతా నేరుగా లేటరల్ పైపుల్లోకి పోయింది. రెండు నెలలకు నడిమి సాళ్ళలో చెట్లు గిడసబారి కనపడినాయి. నీళ్ళు తక్కువేమో అని ఇంకో గంట మోటారు ఏసినా. పైపు కోసి చూస్తే డ్రిప్పర్ల నోర్లు మూసుకుపోయి ఉండాయి. కొత్త పైపులకు, కూలికి పదకొండు వేలు. ఆ సాళ్ళలో గెలకు రెండు మూడు హస్తాలు తగ్గింది వేరే లెక్క. మామ భుజం అడ్డం లేని ఒక్క ఫోటో ఉండింటే ఇది లేదు.

సరే, తప్పెవురిది? చాలామంది వెంటనే ఆఫీసోళ్ళ మీదికి పోతారు. బ్యానర్ పట్టుకొని తిరిగే ఆ పిల్లోన్ని తిట్టి ఏం లాభం? వానికి తేదీ, టైము, చోటు పడే ఫోటో పైకి పంపితేనే టూరు జరిగినట్టు. లేకుంటే బస్సు బిల్లు యాడికిబోతుందో వానికి తెలుసు. వాడు తన కూలి కోసం ఫోటో తీస్తాండాడు, తప్పు కాదు. నా గొడవ వేరే. నలభై మంది బస్సు దిగినట్టు రుజువు అడుగుతాండారు, నలభై మందిలో నలుగురన్నా ఏమన్నా నేర్చుకున్నట్టు రుజువు ఎవురూ అడగడం లేదు. పైనోళ్ళు అడగలేదు సరే, మనం మనల్నన్నా అడుక్కోవద్దా? చేను మనది, బోరు మనది, అప్పు మనది. ఫోటో ముందు పెట్టాలని ఏ కాయితంలో ఉంది? ఆఖర్న పది నిమిషాలు నిలబడినా అదే బ్యానర్, అవే మొగాలు కదా. "సార్, ముందు తోట, తర్వాత ఫోటో" అని ఆ పొద్దు మాలో ఒక్కడన్నా నోరు తెరిచింటే సరిపోయేది. ఎవురూ తెరవలా. ఎందుకంటే స్టేటస్ పెట్టాలని మనకే తొందర.

ఇంకోటి రాస్తా, ఇది నా పదకొండు వేల కంటే పెద్దది. ఆ తోటలో మూలన ఒక చెట్టు ఆకులు పసుపు పచ్చగా తిరిగి కిందికి వాలి ఉంది. ఒకరు చూసి కేక ఏసినారు. గుంపంతా అక్కడికే. చుట్టూ తొక్కి, ఆకు చీల్చి, చేతిలో పట్టుకొని ఫోటోలు దిగినారు. అవే చెప్పులతో, అదే మన్నుతో బస్సెక్కి రెండో తోటకు పోయి అక్కడ తిరిగినారు. ఆ చెట్టుకు ఏం తెగులో నేను చెప్పలేను, నీళ్ళెక్కువై గూడా అట్లా కావచ్చు. కానీ అరటికి పనామా తెగులని ఒకటుంది. ఎండు తెగులంటారు. అది మట్టిలో ఉండే బూజు. చెప్పులకు, గడ్డపారకు, ట్రాక్టరు చక్రాలకు, పిలకలకు అంటుకోని తోట నుంచి తోటకు పోతుంది. ఒకసారి నేలలో పడితే దశాబ్దాల తరబడి అక్కడే ఉంటుంది. పైన మందు కొడితే పోయేది కాదు.

దాని చరిత్ర తెలుసుకుంటే నిద్ర పట్టదు. మధ్య అమెరికా దేశాల్లో ఒకప్పుడు ఎగుమతికి పెంచిన అరటి గ్రోస్ మిషెల్ అనే రకం. పనామా తెగులు దాన్ని తినేసింది. 1950, 60ల నాటికి వాళ్ళు ఆ రకమే వదిలేసి కావెండిష్ రకాలకు మారినారు. మన జీ-9 ఆ కావెండిష్ జాతిదే. ఇప్పుడు ఆ కావెండిష్‌ను గూడా పడగొట్టే టీఆర్-4 అనే కొత్త రూపం వచ్చింది. మన దేశంలో బీహార్, ఉత్తరప్రదేశ్ తోటల్లో అది కనపడింది. పులివెందుల అరటి గల్ఫ్ దాకా పోతాందని మురిసిపోతాం. దాన్ని ముంచేదానికి తుఫానే రావాల్నా ఏంది, జబ్బు చెట్టు పక్కన ఫోటో దిగి, కాళ్ళు కడగకుండా ఇంకో తోటకు పోయే నలభై జతల చెప్పులు చాలు. పిలిచి మజ్జిగ పోసినోని తోటకు మనం ఇచ్చి వచ్చేది ఇదా?

అక్కడ గెలలు మోసే ఆడకూలీలు ఉండారు. అడగకుండా వాళ్ళ ఫోటోలు తీసినారు. ఒకామె కొంగు మొగానికి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నాక గూడా తీసినారు. మధ్యాహ్నానికి అది ఎవురి స్టేటస్‌లోనో ఉంది. మన ఇంటి ఆడమనిషి కొంగు అడ్డం పెట్టుకుంటే ఊరుకుంటామా?

ఇంక గండికోట. వచ్చేటప్పుడు జమ్మలమడుగు మీదుగా గండికోట చూపిస్తామన్నారు. మనకు దగ్గరే, జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే గానీ, బస్సులో సగం మంది చూడనోళ్ళే. పొద్దు వాలేటప్పుడు చేరినాం. "అర్ధగంట, అంతే" అన్నాడు డ్రైవరు. పెన్నా లోయ కాడికి అందరూ పరుగు. కమ్మీలు లేవు, పెద్ద పెద్ద బండలు, వాటి మీద సన్నటి గులక. బండ అంచుకు వీపు పెట్టి వరసగా నిలబడినారు. తీసేటోడు ఫోన్ పట్టుకొని "ఇంకొంచెం వెనక్కి, లోయ కనపడల్లా, ఇంకొంచెం వెనక్కి" అంటాండాడు. ఆ మాట వింటే ఇప్పటికీ నా కడుపులో తిప్పుతుంది. వెనక వరసలో ఒకాయన, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, ఒక అడుగు వెనక్కి ఏసినాడు. గులక జారింది. పక్కనోడు చొక్కా కాలరు దొరకబట్టి లాగినాడు. ఇద్దరూ ముందుకు పడినారు. మోకాలు చెక్కుకుపోయింది, అంతటితో పోయింది.

తర్వాత ఏం చేసినారో తెలుసా? దుమ్ము దులుపుకొని మళ్ళా నిలబడి ఫోటో దిగినారు. పొద్దు వీపు వెనక ఉండటంతో ఆ ఫోటోలో ఎవురి మొగమూ కనపడలా, అంతా నల్లటి బొమ్మలు. ఆ నల్లబొమ్మల ఫోటో కోసం ఒక మనిషి పోయేవాడు. పోయింటే ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు ఎవురు చేస్తారు, బ్యానర్ చేస్తుందా?

ఇంకా నవ్వొచ్చేది చెప్తా. గండికోటలో ధాన్యాగారం ఉంది. రాతి గోడలు, వంపు తిరిగిన కప్పు, లోపలికి పోతే చల్లగా ఉంటుంది. కోటను ముట్టడిస్తే తిండికి లోటు రాకుండా గింజలు దాచిన చోటు. పక్కనే జుమ్మా మసీదు, కొంచెం దూరంలో మాధవరాయ గుడి. పండించిన గింజను పురుగు పట్టకుండా యాడ పెట్టాలో తెలియక, కల్లంలోనే తెగనమ్ముకునే మనం ఆ ధాన్యాగారం లోపలికి పోయి చూడాల్నా వద్దా? నలభై మంది రైతుల్లో అటు పోయినోళ్ళు ముగ్గురు. మిగిలినోళ్ళకు లోయ కావాల, ఎందుకంటే సినిమాల్లో చూసింది లోయ.

బస్సులో నా పక్క సీటాయనది కొండాపురం మండలం. గండికోట ప్రాజెక్టు కింద మునిగిన ఊరు. తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊర్లలోకి 2020లో నీళ్ళొచ్చినాయి, మీకందరికీ తెలుసు. ఆయన కోట కాడ దిగలేదు, సీట్లోనే కూర్చున్నాడు. దోవలో తన ఫోన్ చూపించినాడు. పెండ్లిళ్ళు, తిరునాళ్ళు, మనుషుల ఫోటోలు కుప్పలు. "మా ఇల్లు ఫోటో ఒక్కటి గూడా లేదన్నా. చేను కాడ బావి, చింతచెట్టు, ఏదీ లేదు. ఇదొకటుంది చూడు" అని చూపించినాడు. తమ్ముడి పెండ్లిలో దిగిన ఫోటో. మనుషుల మధ్య సందులో అరుగు మూల ఒక జానెడు కనపడుతుంది. ఆ జానెడే ఆయనకు మిగిలిన ఇల్లు. నష్టపరిహారం లెక్క వేరే, దాని గురించి ఇంకోసారి రాస్తా. ఆ ఫోటో చూసినాక నాకు మామ భుజం గుర్తొచ్చింది. మనం ఎప్పుడూ మనుషులనే తీసినాం, మనుషుల వెనక ఉండేదాన్ని తీయలా. వెనక ఉండేది పోయేదాకా దాని విలువ తెలియలా.

ఫోటోలు లేని కాలంలో గుంపుగా యాత్రలు చేసినోళ్ళు లేరా? ఏనుగుల వీరాస్వామయ్య అని మద్రాసు సుప్రీం కోర్టులో పని చేసినాయన, 1830 మే నెలలో పరివారాన్ని ఎంటబెట్టుకొని మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినాడు. మన కడప సీమ మీదుగానే పోయినాడు. 1831 సెప్టెంబరులో తిరిగొచ్చినాడు. పదిహేను నెలల పైన. అన్ని రోజులూ యాడ మజిలీ చేసినాం, నీళ్ళు ఎట్లున్నాయి, దోవ ఇసుకనా రాళ్ళా, ఏ వస్తువు దొరుకుతుంది, జనం ఎట్లా బతుకుతాండారు అని రాసుకుంటా పోయినాడు. ఎవురి కోసం? మద్రాసులో ఉండిపోయిన స్నేహితుని కోసం. అదే కాశీయాత్ర చరిత్ర. 1838లో అచ్చయింది, ఇప్పటికీ చదువుతాండారు. ఆయన చేతిలో కలం, మన చేతిలో పదిహేను వేల ఫోను. ఆయన రానోని కోసం రాసినాడు. మనం వచ్చినోళ్ళం వచ్చినట్టు కనపడాలని ఫోటో దిగినాం. తేడా అదే.

ఇప్పుడు మీరు అనబోయే మాటలు నాకు తెలుసు.

"రైతు ఏడాదికొకసారి ఇల్లు దాటుతాడు, సరదాగా ఫోటో దిగితే నీకేం నొప్పి?" అంటారు. సరదా వద్దని నేననలా. దిగండి. మనమల్లకు చూపించుకోండి. నా గోడ మీద గూడా తిరుపతి ఫోటో ఉంది. కానీ నేర్చుకునే దానికని బస్సు కట్టుకొని పోయినప్పుడు మొదటి గంట నేర్చుకునే దానిది. సరదా రెండో గంటది.

"ఇప్పుడు యూట్యూబులో అన్నీ ఉండాయి, టూరెందుకు, ఫోటో ఎందుకు?" అంటారు. యూట్యూబులో మీ బోరు నీళ్ళు లేవు. మీ నల్లరేగడి లేదు. అరవై కిలోమీటర్ల దూరంలో, మన ఎండలో, మన ఉప్పునీళ్ళతో పండించి చూపించినోడు యూట్యూబు కంటే పెద్ద మేష్టరు.

"మాకు ఫోటోలు తీయడం రాదు" అంటారు. సెల్ఫీ వచ్చినోనికి ఇదీ వస్తుంది. నేను ఇంటర్ దాకా చదివినోన్ని, చేసిన తప్పుల్లోంచి నేర్చుకున్నా. మా ఊర్లో ఇప్పుడు మేము పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. మీకు నచ్చినవి తీసుకోండి.

1. బ్యానర్ ఫోటో ఆఖర్న. పది నిమిషాలు. బస్సెక్కే ముందే ఈ మాట ఖాయం చేసుకోవాల. ఒప్పుకోకుంటే దిగిపోవాల.

2. మొదటి గంట నలభై ఫోన్లు జేబుల్లో. ఇద్దరే పని చేస్తారు. ఒకరు ఫోటో, ఒకరు పుస్తకం. ఆ ఇద్దరిని ముందే ఎంచుకోవాల, ముందు రోజు ఫోన్లో చోటు ఖాళీ చేసుకోవాల. గుడ్ మార్నింగ్ పూలన్నీ తీసేస్తే సగం ఫోను ఖాళీ అవుతుంది.

3. ఏది తీసినా మూడు తీయాల. దూరం నుంచి మొత్తం, తర్వాత చెట్టు లేదా మిషన్ ఒక్కటే, తర్వాత దగ్గరగా కావలసిన భాగం. పక్కన పెన్నో రూపాయి బిళ్ళో పెడితే సైజు తెలుస్తుంది. తెగులైతే ఆకు అడుగు భాగం గూడా. బస్తా మీద, డబ్బా మీద ఉండే పేరు ఫోటో మొదట తీయాల.

4. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆకు మచ్చలు తెల్లగా కొట్టుకుపోతాయి. మన నీడ దాని మీద పడేటట్టు నిలబడితే బాగా వస్తుంది. షెడ్డులో అయితే వాకిలి మన వీపు వెనక ఉండాల. వాకిలికి ఎదురుగా తీస్తే అంతా నలుపే. తీసే ముందు కెమెరా అద్దం తుడవాల. బజ్జీ తిన్న చేత్తో పట్టుకున్న ఫోను మబ్బు పట్టినట్టు తీస్తుంది.

5. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు పోతుంది. శాస్త్రవేత్తకు తెగులు ఫోటో పంపేటప్పుడు ఇది ముఖ్యం.

6. తోటలోకి పోయే ముందు, వచ్చినాక చెప్పులు మన్ను లేకుండా కడగాల. జబ్బు చెట్టు కాడికి గుంపు పోకూడదు, ఒక్కడు పోయి తీసుకొస్తాడు. ఆకు తుంచకూడదు.

7. లోయ కాడ, చెరువు కట్ట కాడ, బావి కాడ "ఇంకొంచెం వెనక్కి" అనే మాట బంద్. చోటు చాలకుంటే తీసేటోడే వెనక్కి పోవాల, దిగేటోడు కాదు. అది గూడా వెనక ఏముందో చూసుకొని.

8. తోట రైతునైనా, కూలామెనైనా అడగకుండా ఫోటో వద్దు. వచ్చేటప్పుడు ఆ రైతు నంబరు, ఆయన ఒప్పుకుంటేనే, పుస్తకంలో రాసుకోవాల.

9. వచ్చిన మూడో రోజు సాయంత్రం రచ్చబండ కాడ కూర్చోని, టూరుకు రానోళ్ళకు ఆ ఫోటోలు చూపించి చెప్పాల. రానోళ్ళు అడిగిన దానికి జవాబు రాకుంటే, పోయినోళ్ళు పోనట్టే లెక్క.

ఈ తొమ్మిదోదే అన్నిటికంటే ముఖ్యం. బస్సులో సీట్లు నలభై, ఊర్లో రైతులు మూడు వందలు. మనం పోయేది మన ఒక్కరి కోసం కాదు. ఎనుము ఈనిందని, కూతురు కాన్పుకొచ్చిందని, ఆ పొద్దు కరెంటు తడి ఉందని ఆగిపోయినోళ్ళ కోసం గూడా.

పోయిన నెల ఆ పెద్దాయన తోటకు మళ్ళా పోయినా, ఒక్కన్నే, బండేసుకొని. క్షమించమని చెప్పినా. "దానికేముందిలే నాయనా, వచ్చినోళ్ళంతా ఫోటో దిగి పోతారు, నువ్వు రెండోసారి వచ్చినావు" అన్నాడు. ఆ మాటకు తల ఎత్తలేకపోయినా. షెడ్డు నాలుగు పక్కలా తీసుకొచ్చినా. ఒక్క ఫోటోలో గూడా మనిషి లేడు. కింద పెడతాండా, డ్రిప్పు ఏసుకునేటోళ్ళు దాచిపెట్టుకోండి.

పంట పనులు తగ్గినాక మళ్ళా బస్సు ఉందంటాండారు. పేరు రాయించమని అడిగినారు. నా పేరు వద్దు, నా భార్య పేరు రాయమన్నా. మా తోటలో గేటు వాల్వులు తిప్పేది, ఫిల్టరు కడిగేది, యాడ డ్రిప్పరు మూసుకుపోయిందో మొదట కనిపెట్టేది ఆమె. ఇన్నాళ్ళూ టూర్లకు పోయింది నేను. ఫోను ఆమెకే ఇచ్చి పంపిస్తా. ఆడోళ్ళను పంపించే ఇండ్లు ఇంకో నాలుగుంటే చెప్పండి, ఒక వరస సీట్లు వాళ్ళకే ఉంచమని అడుగుదాం.